ఆ ఫార్వర్డ్ నేనే పంపా!

2022 ఫిబ్రవరి 26, శనివారం. బిర్యానీ ఆర్డర్ పెట్టి ఫోన్ చూసుకుంటున్నా. ‘నల్గొండ జిల్లాలో కూలిన హెలికాప్టర్.. ఇద్దరు పైలట్లు మృతి’ అని మెసేజ్ వచ్చింది. టీవీ స్క్రోలింగ్‌లోనూ అదే. ఇంకేం ఆలోచించకుండా మా బీటెక్ గ్రూపులో పడేశా.

తర్వాత తెలిసింది, అది హెలికాప్టర్ కాదు. నాగార్జునసాగర్ నుంచి బయల్దేరిన సెస్నా 152 అనే బుల్లి శిక్షణ విమానం. రెండే సీట్లుంటాయి. పెద్దవూర మండలం పొలాల్లో కూలింది. చనిపోయింది ఇద్దరు కాదు, ఒంటరిగా నడుపుతున్న ట్రైనీ పైలట్. ఓ అమ్మాయి. నేను పంపిన ఒక్క లైన్ వార్తలో రెండు తప్పులు!

ఈలోపే మా గ్రూపులో దర్యాప్తు పూర్తయిపోయింది. కరెంటు తీగలు తగిలాయని ఒకడు, ఇంజిన్ ఆగిపోయిందని ఇంకొకడు. ‘అమ్మాయి కదా, కంగారుపడి ఉంటుంది’ అని మరొకడు, నవ్వే ఎమోజీతో సహా. నేను చూసి ఊరుకున్నా.

రాత్రి ఒక క్లాస్‌మేట్ ఫోన్ చేశాడు. వాడి చెల్లెలు వేరే రాష్ట్రంలో పైలట్ ట్రైనింగ్‌లో ఉంది. నాకు తెలుసు, ఆ టైంలో గుర్తు రాలేదు. ‘‘అమ్మ నా ఫోన్లో నీ మెసేజ్ చూసిందిరా. పైలట్లు మృతి అన్నదొక్కటే చదివింది. చెల్లి ఫ్లయింగ్‌లో ఉంది, ఫోన్ స్విచ్ఛాఫ్. రెండు గంటలు అమ్మ దేవుడి గదిలోంచి లేవలేదు’’ అన్నాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

ఆ తర్వాతే అసలు దర్యాప్తు ఎలా చేస్తారో చదివా. మన దేశంలో ఆ పని ఏఏఐబీది. ప్రపంచమంతా పాటించే ఐకావో అనెక్స్ 13 ప్రకారం దర్యాప్తు లక్ష్యం ఒక్కటే.. అలాంటి ప్రమాదం మళ్లీ జరగకుండా చూడటం. తప్పెవరిదో తేల్చి శిక్షించడం కాదు. ప్రాథమిక నివేదికకే 30 రోజుల గడువుంటుంది. చిన్న విమానాల్లో చాలావాటికి బ్లాక్ బాక్స్ కూడా ఉండదు. శకలాలు ఎక్కడెక్కడ పడ్డాయి, ట్యాంకులో ఇంధనం ఉందా, లాగ్‌బుక్‌లో ఏం రాశారు.. అన్నీ చూడాలి. ప్రొపెల్లర్ వంగిన తీరును బట్టి, నేలను తాకేటప్పుడు ఇంజిన్ తిరుగుతోందో లేదో అంచనా వేస్తారట. మా ఆఫీసులో సర్వర్ పడిపోతే లాగ్స్ చూడకుండా ‘ఫలానావాడి కోడే’ అంటే లీడ్ ఊరుకోడు. మరి మనిషి పోయినప్పుడు మనకెందుకంత తొందర?

ఈ పుకార్లు ఎంతకాలం బతుకుతాయో సౌందర్య కుటుంబాన్ని చూస్తే తెలుస్తుంది. 2004 ఏప్రిల్ 17న ఆమె ఎక్కిన సెస్నా 180 బెంగళూరు జక్కూరులో టేకాఫ్ అయిన కాసేపటికే కూలింది. 2025లో, అంటే 21 ఏళ్ల తర్వాత, అది ప్రమాదం కాదు హత్యంటూ ఒకాయన ఫిర్యాదు చేస్తే, ఆస్తి గొడవల మాట అబద్ధమని ఆమె భర్త ప్రకటన ఇచ్చుకోవాల్సి వచ్చింది.

మా ఫ్రెండ్ చెల్లికి లైసెన్స్ వచ్చింది. స్వీట్లు ఇవ్వడానికి రూమ్‌కొచ్చాడు వాడు. గ్రూపులో నా పాత మెసేజ్ అలాగే ఉంది. డిలీట్ చేద్దామని చూశా, టైం దాటిపోయింది.