బీరువా తీసే మనిషి

ఈ సంచిక చదువుతున్నవాళ్లలో చాలామందికి మొయినాబాద్ దారి తెలిసే ఉంటుంది. వీసా ఇంటర్వ్యూకు ముందు చిలుకూరు బాలాజీ గుడిలో పదకొండు ప్రదక్షిణలు, వీసా వచ్చాక మొక్కు తీర్చుకోవడానికి నూట ఎనిమిది. ఆ గుడి మొయినాబాద్ మండలంలోదే. అక్కణ్నుంచి వికారాబాద్ రోడ్డెక్కి ఊడలమర్రుల నీడలో పోతే చేవెళ్ల. ఒకవైపు కూరగాయలు, పూలతోటలు. ఇంకోవైపు నగరంవాళ్ల ఫామ్‌హౌస్‌లు. హైదరాబాద్ జంట జలాశయాలను కాపాడటానికి కట్టడాలకు హద్దులు పెడుతూ 1996లో వచ్చిన 111 జీవో పుణ్యమా అని ఈ ఊళ్లలో చాలావాటికి ఊరి రూపు ఇంకా మిగిలింది. ఇక్కడి సర్కారు బళ్లకు వచ్చేది పొద్దున్నే టమాటాలు, బంతిపూలు తెంపి పట్నం పంపే ఇళ్ల పిల్లలు, ఫామ్‌హౌస్ కావలివాళ్ల పిల్లలు. చాలా ఇళ్లలో పాఠ్యపుస్తకం తప్ప మరో పుస్తకం ఉండదు. కథల పుస్తకం చేతికి రావాలంటే అది బడిలోనే రావాలి.

రంగారెడ్డి జిల్లాకు పేరిచ్చిన కొండా వెంకట రంగారెడ్డి 1890లో పుట్టింది ఈ మొయినాబాద్ మండలం పెద్దమంగళారంలోనే. ఆయన తరానికి గ్రంథాలయమంటే ఒక ఉద్యమం. నిజాం రాజ్యంలో బడి చదువు ఎక్కువగా ఉర్దూలో సాగేది. 1901లో హైదరాబాద్‌లో పుట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, దాని వెనక వెలసిన ఊరూరి గ్రంథాలయాలే తెలుగు చదువుకు ఆసరా అయ్యాయి. ఆ తెలుగు కోసమే నిలబడ్డ ఆంధ్ర మహాసభ 1936లో షాద్‌నగర్‌లో జరిగినప్పుడు అధ్యక్షత వహించింది రంగారెడ్డే.

అంత చరిత్ర ఉన్నచోట ఇవాళ బడి లైబ్రేరియన్ ఎవరని అడిగితే సూటిగా జవాబు రాదు. మామూలు జిల్లా పరిషత్ హైస్కూల్లో ఆ పోస్టు ఉండటమే అరుదు. తెలుగు సారుకో హిందీ మేడంకో ఇన్‌చార్జి అప్పగిస్తారు. గురుకులాలు కాస్త నయం. 2023 నియామకాల్లో గురుకుల బళ్లకు 434 లైబ్రేరియన్ పోస్టులు ప్రకటించారు.

ఇన్‌చార్జి సారు బీరువాకు తాళం వేసి కూర్చుంటాడని తిట్టడం తేలిక. ఆయన వైపు నుంచి కూడా చూడాలి. ప్రతి పుస్తకానికీ స్టాక్ రిజిస్టర్‌లో నంబరుంటుంది. బదిలీ అయితే లెక్క అప్పజెప్పి కదలాలి, పోయినవాటికి సంజాయిషీ తానే ఇచ్చుకోవాలి. పిల్లలు చదివీ చదివీ అట్ట ఊడిన పుస్తకం రిజిస్టర్‌లో నష్టం. ఎవరూ ముట్టని పుస్తకం అదే రిజిస్టర్‌లో భద్రం. ఈ పద్ధతి ఉన్నంతకాలం ఎంత జాగ్రత్తపరుడైతే అంత గట్టిగా తాళం వేస్తాడు. "చిరిగితే చిరగనీయండి, నేను చూసుకుంటా" అనే హెడ్‌మాస్టర్ ఉన్న బడిలోనే పుస్తకాలు బయటికొస్తాయి. నా దృష్టిలో పిల్లల చదువుకు సంబంధించి బడిలో ఎవరైనా అనగలిగిన గొప్ప మాట అదే.

బయటికొచ్చాక పని చాలా మామూలుగా ఉంటుంది. తరగతి గోడకు ఆ చివర నుంచి ఈ చివరకు సుతిలి తాడు కడతారు. పుస్తకాలను నడిమికి తెరిచి, ఒకటో తరగతి పిల్లకు అందే ఎత్తున దాని మీద వేలాడేస్తారు. బీరువాలో వీపు మాత్రమే కనబడే పుస్తకానికి ఇక్కడ ముఖం కనబడుతుంది. చదవడం రాని పిల్ల కూడా ఏనుగు బొమ్మ చూసి తీసుకుంటుంది.

ఆ తర్వాత చదివి వినిపించడం. మేడం కింద కూర్చుంటుంది, పుస్తకం పిల్లల వైపు తిప్పి పట్టుకుంటుంది. ముందు అట్టబొమ్మ చూపించి "ఈ మేక ఎటు పోతుందంటారు?" అని అడుగుతుంది. తలా ఒకటి చెబుతారు. తప్పొప్పులు దిద్దదు, పేజీ తిప్పుతుంది. అసలు ఘట్టం దగ్గర ఆగుతుంది. కథ అయ్యాక నీతి ఏమిటని అడగకపోవడంలోనే ఆమె నేర్పంతా ఉంది. ప్రశ్నలు, జవాబులు నోట్సులో రాయమన్నారో, అది కూడా పాఠమైపోయి మరునాటికి పిల్లలు దూరం జరుగుతారు. అడగకుండా పుస్తకాన్ని బల్ల మీద వదిలేస్తే, "మేడం, గా పుస్తకం నాకియ్యున్రి" అని నలుగురు లేస్తారు. చదివి వినిపించిన పుస్తకమే ముందుగా ఇష్యూ అవుతుంది.

ఏ పిల్లకు ఏ పుస్తకం అన్నది తరువాతి చిక్కు. ఐదో తరగతిలో ఉండి రెండో తరగతి వాక్యం దగ్గర తడబడే పిల్లలుంటారు. రూమ్ టు రీడ్ లాంటి సంస్థలు పుస్తకాలను చదివే స్థాయిని బట్టి విడదీసి రంగు గుర్తులు అంటిస్తాయి. 'రెండో తరగతి పుస్తకం' అంటే నామోషీ పడే పిల్లవాడు 'ఎర్ర బొట్టు పుస్తకం' అంటే సంతోషంగా తీసుకుంటాడు. ఇష్యూ రిజిస్టర్ పెద్ద తరగతి పిల్లలకే అప్పగిస్తే ఇంకా మంచిది. ఎవరి ఇంట్లో ఏ పుస్తకం ఉందో సార్ల కన్నా వాళ్లకే బాగా తెలుసు.

సర్కారు ఈ సంగతి పట్టించుకోలేదనడానికి లేదు. 2022 ఫిబ్రవరి 5న తెలంగాణలో 'రీడ్' పేరుతో వంద రోజుల పఠన కార్యక్రమం మొదలైంది. అప్పటి విద్యామంత్రి సబితా ఇంద్రారెడ్డి పూర్వం చేవెళ్ల ఎమ్మెల్యే. మంచి పనే, కానీ చదువు మీద ఇష్టం వంద రోజుల లెక్కకు లొంగేది కాదు. 2022-23 నుంచి సర్కారు బళ్లలో ఇంగ్లీషు మీడియం వచ్చింది. పాఠం ఇంగ్లీషులో తడుముకుంటున్న పిల్లకు తెలుగు కథల పుస్తకం అవసరం దాంతో పెరిగింది. చదవడం హాయిగా ఉంటుందని ఆమెకు తెలిసేది అక్కడే.

ఇదంతా కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. గుజరాతీ విద్యావేత్త గిజుభాయి బధేకా 1930ల నాటి 'పగటికల'లో పంతులు, పిల్లలు వేరువేరుగా పాఠ్యపుస్తకాలు కొనే డబ్బును ఒకచోట చేర్చి తరగతికి కథల గ్రంథాలయం పెడతాడు. తెలుగులోకి వచ్చిన ఆ చిన్న పుస్తకాన్ని ప్రతి ఇన్‌చార్జి సారుకూ ఇవ్వాలి.

ఇక పరాయి దేశాల్లో ఉన్న మన సంగతి. సొంత ఊరి బడికి ఏదైనా చేద్దామనుకోగానే మనకు తోచేది ఇంగ్లీషు ఎన్‌సైక్లోపీడియాల సెట్టు, దాని మీద తాతగారి పేరు. అవి నేరుగా బీరువాలోకే పోతాయి. ఆ డబ్బుతో 'మంచి పుస్తకం', ప్రథమ్, తూలిక, నేషనల్ బుక్ ట్రస్ట్ లాంటి ప్రచురణ సంస్థలు వేసే పల్చటి బొమ్మల పుస్తకాలు చాలా వస్తాయి. ప్రథమ్ వాళ్ల స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగానే దొరుకుతాయి; డాలస్‌లో, సిడ్నీలో మన పిల్లలకూ అవే పనికొస్తాయి. అంతకన్నా ముఖ్యం మనిషి. ఊళ్లో ఇంటర్ చదివిన అమ్మాయికి నెలనెలా కొంత గౌరవ వేతనం ఇచ్చి, హెడ్‌మాస్టర్ ఒప్పుకుంటే బడిలో రోజూ రెండు గంటలు పుస్తకాలు ఇప్పించి, చదివి వినిపించే ఏర్పాటు చేయండి. చిరిగిన పుస్తకాల ఖర్చు మనదేనని హెడ్‌మాస్టర్‌కు కాగితం మీద రాసివ్వండి. డిసెంబరు సెలవులకు ఊరొచ్చినప్పుడు బడికి వెళితే శాలువా వద్దని చెప్పి, మూడో తరగతి పిల్లల మధ్య కూర్చుని ఒక కథ చదవండి.