మామిడి తోటలో వయ్యారిభామ

పేరు వింటే ఏ ప్రబంధ నాయికో అనుకుంటారు. తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి కనుక, ఇంత విషపు మొక్కకు ఇంత సొగసైన పేరు పెట్టినవారెవరా అని చాలాసార్లు ఆలోచించాను. కాంగ్రెసు గడ్డి అనేవారూ ఉన్నారు. శాస్త్రజ్ఞులు పార్థీనియం అంటారు. పుట్టిల్లు అమెరికా ఖండం. మన దేశంలో 1955 ప్రాంతాన పూనాలో కంటబడింది. దిగుమతి గోధుమలతో వచ్చిందని వాడుక. ఆ తరువాత రోడ్ల వారగా, రైలు కట్టల వెంబడి దేశమంతా పాకి, మా నూజివీడు తోటలకూ వచ్చింది.

నూజివీడు అనగానే మీకు చిన్నరసాలే జ్ఞాపకం వస్తాయి. ఆ చెట్ల నడుమ ఉండే ఖాళీ జాగా సంగతి ఎవరికీ పట్టదు. కాయ దిగి తొలకరి పడగానే అక్కడ మొలిచే పచ్చికే గేదెలకు మేత. ఈ మొక్క చేదు. పశువు చప్పున ముట్టదు. చిక్కంతా అక్కడే ఉన్నది! మంచి గడ్డిని మొదలంటా కొరికి, దీన్ని వదిలేస్తుంది. పోటీ లేని నేల దొరికాక ఇంకేమున్నది? నెలా నెలన్నరకే పూత. ఒక్కొక్క మొక్క వేలకొద్దీ గింజలు రాలుస్తుంది. చివరకు వేరే మేత లేక, ఆకలికి ఓర్వలేక గేదె దీన్నే తింటుంది. పాలు చేదెక్కుతాయి, నోరు పూస్తుంది, ఒళ్ళు దద్దుర్లెక్కుతుంది. మేతలో దీని పాలు ఎక్కువైతే ప్రాణానికే ముప్పు. మనుషులకు దురదలు, ఉబ్బసం సరేసరి.

మా ఇంటి వెనుక తోట కౌలుకు చేసే పెద్దాయన నిరుడు కొడవళ్ళతో కోయించారు. "గడ్డం గీసినట్టు చేయించాను మేష్టారూ" అన్నారు. కొద్ది రోజులకే మోళ్ళ నుంచి చిగుళ్ళు, ఆ వెనుకనే పూలు!

"మందు కొట్టించరాదా, బాబాయ్?" అన్నాను.

"తుంపర పడితే మామిడాకు ఊరుకుంటుందా? ఆ గడ్డి రేపు గేదె తినొద్దూ?"

లీటరు నీళ్ళకు 200 గ్రాముల ఉప్పు కలిపి చల్లే పద్ధతి ఒకటున్నది గాని, అది రోడ్డు వారకే. తోట నేలకు తగదు. ఆకు తినే మెక్సికో పెంకు పురుగును 1984లో బెంగుళూరులో వదిలారు. వానాకాలంలో బాగానే మేస్తుంది; ఎండలు ముదిరితే మట్టిలో దూరి నిద్రపోతుంది. దానిమీదే భారం వేయలేము.

ఈ ఏడు పెద్దాయన పూత రాకముందే, నేల తడిగా ఉండగా, కూలీలకు చేతి తొడుగులిచ్చి వేళ్ళతో సహా పీకించారు. పీకినదాన్ని గోతిలో వేసి ఎరువుకు పెట్టారు. ఆ పైన నెలన్నర గేదెలను తోటలోకి రానివ్వలేదు. మేత కొనవలసి వచ్చింది. ఇంట్లో గొణుగుడూ తప్పలేదు. గడ్డి మాత్రం దుబ్బుకట్టి నేల కప్పింది. కంచె వారగా బంతి నాటారు.

అవతలి తోట ఇంకా తెల్లగా పూసే ఉన్నది. గాలి అటునుంచి ఇటే వీస్తుంది. నిన్న సాయంత్రం పెద్దాయన కండువా దులిపి భుజాన వేసుకుని, ఆ కౌలుదారుతో మాట్లాడడానికి బయలుదేరారు.