నిద్రలో ఎంత తింటోంది?

చెల్పూర్ అనగానే గుర్తొచ్చేది కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం. మొదటి దశ 500, రెండో దశ 600... మొత్తం 1100 మెగావాట్లు. అంటే 110 కోట్ల వాట్లు! అదే భూపాలపల్లి జిల్లాలో పత్తి, మిర్చి, వరి పండుతాయి. ఏ పత్తిచేలోనో నేల తడి కొలిచే చిన్న పరికరం పెడితే? చేను మధ్యకు కరెంటు తీగ లాగడం కుదరదు. గోడ గడియారంలో వేసే సైజు సెల్స్ రెండింటితోనే అది ఆర్నెల్లు నడవాలి. మధ్యలో ఆగిందా... నీళ్లు పెట్టాల్సిన రోజు తెలియకుండానే పోతుంది.

కుంభకర్ణుడి బాపతు!

ఈ పరికరాలకు మెదడు మైక్రోకంట్రోలర్ అనే చిప్పు. అరగంటకోసారి లేచి, తడి కొలిచి, మళ్లీ పడుకుంటుంది. లేచిన 2 సెకన్లలో 15 మిల్లీ ఆంపియర్లు తీసుకున్నా, అరగంటకు సగటు 17 మైక్రో ఆంపియర్లే. నిద్రలో మరో 10 మైక్రో ఆంపియర్లు చాలనుకుంటే, 2000 మిల్లీ ఆంపియర్ అవర్ల సెల్స్ కాగితం మీద ఎనిమిదేళ్లు రావాలి. అదే నిద్రలో 2 మిల్లీ ఆంపియర్లు కారిపోతుంటే? 41 రోజులకే ఖాళీ!

బోర్డు వేరు, చిప్పు వేరు

విద్యార్థులు ఎక్కువగా వాడే ఆర్డ్యునో ఊనోనే చూడండి. దాని మీది ఏటీమెగా328పీ చిప్పుకు గాఢనిద్రలో ఒక మైక్రో ఆంపియర్ కూడా అక్కర్లేదు. కానీ వెలుగుతూ ఉండే ఎల్‌ఈడీ, వోల్టేజి రెగ్యులేటర్, యూఎస్‌బీ చిప్పు నిద్రపోవు. అందుకే చిప్పు పడుకున్నా బోర్డు వాడకం మిల్లీ ఆంపియర్లలోనే ఉంటుంది.

కొలవాలంటే...

సెల్‌కీ బోర్డుకీ మధ్య మల్టీమీటర్ పెట్టాలి. ఎస్‌టీఎం32 న్యూక్లియో బోర్డుల్లో ఇందుకోసమే ‘ఐడీడీ’ అనే జంపర్ ఉంటుంది. దాన్ని తీసి, ఆ రెండు పిన్నులకూ మీటర్ కలిపితే చిప్పు వాడకం ఒక్కటే తెలుస్తుంది.

ఒక చిక్కుంది. మైక్రో ఆంపియర్ స్థాయిలో మీటర్ లోపలి నిరోధం ఎక్కువ. 100 ఓములనుకుంటే, చిప్పు లేచి 15 మిల్లీ ఆంపియర్లు లాగగానే మీటర్‌లోనే ఒకటిన్నర వోల్టులు పోతాయి. చిప్పు ఆగి, మళ్లీ మొదటికొస్తుంది. కాబట్టి మేల్కొన్నప్పుడు మిల్లీ ఆంపియర్ స్థాయిలో, పడుకున్నాకే మైక్రో స్థాయిలో కొలవాలి.

కెపాసిటర్‌తో మరో ఉపాయం. 1000 మైక్రో ఫారడ్ల కెపాసిటర్‌ను నింపి, సెల్స్ తీసేసి, బోర్డును దాని మీదే పడుకోనివ్వాలి. 10 సెకన్లలో 0.1 వోల్టు తగ్గితే వాడకం 10 మైక్రో ఆంపియర్లు. కెపాసిటర్ కూడా కాస్త కారుస్తుంది కనుక, బోర్డు లేకుండా ఒకసారి చూసి ఆ మేరకు తీసేయాలి.

లెక్క తేడాగా ఉంటే ముందు చూడాల్సింది ఎల్‌ఈడీని, ఎప్పుడూ కరెంటు అందుతున్న సెన్సర్‌ని, ఏ కనెక్షనూ లేకుండా వదిలేసిన పిన్నుల్ని. ఈ పరీక్ష ఇంట్లో బల్ల మీద పది నిమిషాల పని. చేలో పెట్టాక తెలిస్తే, పోయేది పంట.