నూతి ఒరల మీద నిలిచిన చర్చి

నీరూరే నేలలో బావి తవ్వేటప్పుడు గట్టు విరిగి పడకుండా కాల్చిన మట్టి ఒరలు దించడం పల్లెల్లో అందరూ ఎరిగిన పనే. ఆ పనినే ఆధారం చేసుకుని కట్టిన ఒక పెద్ద చర్చి చెన్నైలో ఉన్నది. ఎగ్మూరు రైలు స్టేషనుకు సమీపంలో గల ఈ సెయింట్ ఆండ్రూస్ చర్చికి రెండు వందల ఏళ్లు దాటాయి. దీనిని అక్కడివారు 'కిర్క్' అంటారు. స్కాట్లండువారి మాటలో కిర్క్ అంటే చర్చి.

ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న స్కాట్లండువారిలో చాలామంది ప్రెస్బిటేరియన్ శాఖకు చెందినవారు. ఈ శాఖలో బిషప్పులు ఉండరు. సంఘ పెద్దలు పాదిరితో కలిసి సంఘాన్ని నడుపుతారు. 1813 తరువాత కంపెనీ ఈ శాఖకు కూడా పాదిరీలను నియమించింది. కలకత్తా, బొంబాయి, మద్రాసు పట్టణాలలో వారికి చర్చిలు వెలిశాయి.

మద్రాసు చర్చికి 1818 ఏప్రిల్ 6న శంకుస్థాపన జరిగింది. కట్టే బాధ్యత సైనిక ఇంజనీరు డి హావిలండ్‌ది. ఇటుక కమాను బలాన్ని నిరూపించడానికి 1808లో శ్రీరంగపట్టణంలో వంద అడుగులకు మించిన కమాను కట్టిన వ్యక్తి ఈయనే. ఆ కమాను శతాబ్దానికి పైగా నిలిచింది.

అయితే ఇక్కడ చిక్కు నేలతో వచ్చింది. అది చిత్తడి నేల. పైన మోయవలసినది బరువైన గుమ్మటం, ఎత్తయిన శిఖరం. మామూలు పునాది వేస్తే కట్టడం కుంగక తప్పదు. అందుచేత ఆయన ఈ దేశపు పద్ధతినే పట్టాడు. ఒరను నేల మీద నిలిపి లోపలి మట్టి తోడితే అది కిందికి దిగుతుంది. దాని మీద మరో ఒర. ఇలా గట్టి నేల తగిలేదాకా బావులు దించి, వాటిని పూడ్చి, ఆపైన గోడలు లేపారు. 1821లో చర్చిని తెరిచారు.

చర్చి నడిమి భాగం గుండ్రంగా ఉంటుంది. 16 స్తంభాలు వలయంగా నిలిచి గుమ్మటాన్ని మోస్తాయి. గుమ్మటం లోపల నీలి రంగు మీద బంగారు చుక్కలు కనిపిస్తాయి. స్తంభాలకు మద్రాసు గచ్చు పూశారు. గవ్వల సున్నంతో చేసి నున్నగా మెరుగుపెట్టే ఈ గచ్చు చూపుకు చలువరాయిలాగే ఉంటుంది. శిఖరం ఎత్తు సుమారు 166 అడుగులు. ప్రస్తుతం ఈ చర్చి దక్షిణ ఇండియా సంఘంలో భాగం. ఆరాధనలు నేటికీ జరుగుతున్నాయి.

చర్చి తెరిచిన 1821లోనే ఆర్థర్ కాటన్ అనే యువ ఇంజనీరు మద్రాసుకు వచ్చాడు. 1847లో ఆయన ధవళేశ్వరం వద్ద గోదావరిపై ఆనకట్ట మొదలుపెట్టినప్పుడు దాని పునాదులకూ ఇసుకలో బావులే దించారు. అంతు తెలియని ఇసుకలో పునాది నిలపడం ఈ దేశస్థుల నుంచే నేర్చుకున్నామని కాటన్ తరువాత ఒప్పుకున్నాడు. మద్రాసులో గుమ్మటాన్నీ, గోదావరిలో ఆనకట్టనూ నిలిపినది బావులు దించేవారి పనితనమే.