పాత కలం ఏం గుర్తుపెట్టుకుంటుంది?



మీలో కొందరు తపాలా బిళ్లలు సేకరిస్తూ ఉంటారు, కొందరు నాణేలు. ఈనాటి పాఠంలో మనం చెప్పుకోబోయే వస్తువులు దాదాపు ప్రతి ఇంట్లోనూ ఉంటాయి. కానీ వాటిని ఎవరూ సేకరణ అనుకోరు. అవి పాత పెన్నులు, అరిగిపోయిన పెన్సిళ్లు. బీరువా అరలోనో, కుట్టుమిషను సొరుగులోనో, బొత్తాల మధ్య ఒక మూత లేని పెన్ను పడి ఉంటుంది. పారేయడానికి మనసొప్పదు, వాడడానికి పనికిరాదు.

అలాంటి వస్తువులున్న డబ్బా ఒకటి మా ఇంట్లోనూ ఉండేది. మాది ఖరగ్‌పూర్. అందులో ఝపటాపూర్. పశ్చిమ బెంగాల్‌లో ఉన్న ఈ రైల్వే పట్టణానికి తెలుగువాళ్లు ఎలా వచ్చారని మీకు సందేహం రావచ్చు. విజయవాడ నుంచి కటక్ దాకా తీరం వెంబడి రైలు మార్గం 1893-96 మధ్య పడింది. ఆ తర్వాత కొద్ది ఏళ్లకే బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఖరగ్‌పూర్‌ని పెద్ద జంక్షనుగా, వర్క్‌షాపు ఉన్న ఊరుగా తయారుచేసింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి పని కోసం రైలెక్కినవాళ్లు ఇక్కడ దిగి ఇక్కడే ఉండిపోయారు. మా తాతగారు అలా వచ్చినవారే. గూడ్సు ఆఫీసులో గుమాస్తా. మా నాన్నగారూ అదే పనిలో చేరారు. అప్పటికి కంపెనీ పేరు పోయి, 1955లో ఏర్పడిన ఆగ్నేయ రైల్వే వచ్చింది.

ఇద్దరు గుమాస్తాలున్న ఇంట్లో డబ్బా నిండా పెన్నులుండడం వింత కాదు. వింతేమిటంటే, అవి ఏం చెబుతున్నాయో సైన్సు చదువుకున్న నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ఆ డబ్బాలో అన్నిటికంటే లావైన పెన్ను నల్లటిది. మా తాతగారు 1940లలో సెలవుకి దక్షిణాదికి వెళ్లినప్పుడు రాజమండ్రిలో దిగి కొన్నది. దాని గొట్టం మీద ఆయన పేరు చేత్తో చెక్కి ఉండేది. రాజమండ్రి అనగానే పెన్నుల ప్రియులకు రత్నం పెన్నులు గుర్తొస్తాయి. కోసూరి వెంకటరత్నం అనే స్వర్ణకారుడు స్వదేశీ ఉద్యమం రోజుల్లో, 1930ల తొలి ఏళ్లలో, పూర్తిగా మన దేశంలోనే ఫౌంటెన్ పెన్ను చేయాలని పూనుకున్నారు. ఆయన చేసిన పెన్ను కుమారప్ప ద్వారా గాంధీజీకి చేరింది. గాంధీజీ దానితో రాసి చూసి, విదేశీ పెన్నుల స్థానంలో వాడదగినదిగా ఉందని 1935 జూలై 16న వార్ధా నుంచి ఉత్తరం రాశారు. హైదరాబాదులో 1928లో మొదలైన డెక్కన్ పెన్ స్టోర్స్, రాజమండ్రిలోనే గైడర్ పెన్నులు కూడా తెలుగునాట పేరుపొందినవే. బెంగాల్ వైపు చూస్తే సులేఖ సిరా ఉంది. 1934లో మొదలై, 1980ల చివర ఆగిపోయి, కొన్నేళ్లకు మళ్లీ ప్రాణం పోసుకుంది. మా ఇంట్లో రాజమండ్రి పెన్నులో కలకత్తా సిరా పోసేవారన్నమాట. ఖరగ్‌పూర్ తెలుగువాళ్ల జీవితం మొత్తం కూడా ఇంచుమించు అంతే!

ఇక పెన్ను లోపలికి వెళదాం. ఆ నల్లటి పదార్థం ప్లాస్టిక్కు కాదు, ఎబొనైటు. అంటే గట్టి రబ్బరు. సైకిలు ట్యూబు లాంటి మెత్తని రబ్బరులో గంధకం వందకు కొద్ది పాళ్లే ఉంటుంది. అదే రబ్బరుకి వందకు ముప్ఫై పాళ్ల దాకా గంధకం కలిపి చాలాసేపు వేడిచేస్తే, రబ్బరు అణువుల గొలుసుల మధ్య గంధకం లెక్కలేనన్ని వంతెనలు కడుతుంది. సాగే గుణం పోయి, లేతు మీద చెక్కలా తిప్పి చెక్కగలిగే పదార్థం వస్తుంది. ఎబొనీ అనే నల్లచేవ కర్రలా ఉంటుందని దానికి ఆ పేరు పెట్టారు. మన బీడీ ఆకునిచ్చే తునికి చెట్టు కూడా ఆ జాతిదే.

ఈ పెన్నుల్లో చాలావాటికి లోపల రబ్బరు సంచీ ఉండదు. మెడ విప్పి, ఫిల్లరుతో సిరాను నేరుగా గొట్టంలో పోయాలి. మరి తలకిందులుగా పట్టుకుంటే సిరా కారిపోదా? ఇక్కడ భౌతికశాస్త్రం ఉంది. పాళీ చీలిక, దాని కింద మేము 'నాలిక' అనే ముక్కలోని సన్నని గాడి, రెండూ కేశనాళికల్లా పనిచేస్తాయి. కాగితం సిరాను లాగుతుంది. బయటికి పోయిన సిరా స్థానంలో అదే దారిలో గాలి లోపలికి వెళ్లాలి. వెళ్లకపోతే రాత ఆగిపోతుంది, ఎక్కువ వెళితే సిరా కక్కేస్తుంది. ఈ రాకపోకలను సరిచేసే నాలికకు అమెరికాలో లూయిస్ వాటర్‌మన్ 1884లో పేటెంటు పొందాడు.

అయినా, జేబులో సిరా మచ్చ పడని తాతగారి చొక్కా ఎవరైనా చూశారా? సిరా సగానికి తగ్గినప్పుడే పెన్ను ఎక్కువగా కక్కుతుంది. ఎందుకో లెక్క వేసి చూడండి. గొట్టంలో 1.5 మిల్లీలీటర్ల గాలి ఉందనుకుందాం. మన చేతి వేడికి అది 25 డిగ్రీల సెల్సియస్ నుంచి 35 డిగ్రీలకు చేరింది. పరమ మానంలో ఇది 298 నుంచి 308. అంటే గాలి ఘనపరిమాణం వందకు 3.4 పాళ్లు పెరుగుతుంది. 1.5 మిల్లీలీటర్లలో అది 0.05 మిల్లీలీటరు. ఒక చుక్క సిరా పరిమాణం కూడా దాదాపు అంతే! ఆ చుక్కే పరీక్ష కాగితం మీద పడేది. ఎబొనైటు వేడిని త్వరగా లోపలికి పోనివ్వదు కాబట్టి ఈ బెడద కొంత తగ్గుతుంది.

సిరా సంగతి కూడా చూద్దాం. పాత నీలి-నలుపు సిరాలో ముఖ్యమైనవి రెండు. ఒకటి అన్నభేది, అంటే ఫెర్రస్ సల్ఫేటు. రెండోది మాచికాయ, కరక్కాయ వంటి వాటిలో ఉండే టానిన్. రెండూ కలిసిన ద్రావణం రాసేటప్పుడు పలచగా, దాదాపు రంగు లేకుండా ఉంటుంది. గాలిలోని ఆక్సిజన్‌తో ఫెర్రస్ ఇనుము ఫెర్రిక్‌గా మారి, కాగితం పోగుల్లోనే నల్లటి పదార్థంగా స్థిరపడుతుంది. రాస్తున్నప్పుడు అక్షరం కనిపించాలి కదా, అందుకోసం నీలం రంగు కలుపుతారు. ఏళ్లు గడిచాక ఆ నీలం వెలిసిపోతుంది, నలుపు మిగులుతుంది, అదీ చివరికి గోధుమ రంగుకు తిరుగుతుంది. ఉతికితే పోయే నీలం సిరాతో రాసిన ఉత్తరాలకు ఈ అదృష్టం లేదు. వెలుతురు తగిలితే మాయమైపోతాయి.

పెన్సిలు రాత మాత్రం వెలవదు. అందులో ఉన్నది కర్బనం. ఇంగ్లండులోని బారోడేల్‌లో పదహారో శతాబ్దంలో గ్రాఫైటు దొరికినప్పుడు దాన్ని సీసం అనుకున్నారు. ఇంగ్లీషులో పెన్సిలు ములుకును ఇప్పటికీ 'లెడ్' అంటారు. అది కర్బనమేనని షీలే 1779లో తేల్చాడు. గ్రాఫైటు పొడికి బంకమన్ను కలిపి కాల్చే పద్ధతికి ఫ్రాన్సులో కోంటే 1795లో పేటెంటు తీసుకున్నాడు. మన్ను పెరిగితే ములుకు గట్టిపడుతుంది. మీ పెన్సిలు మీది 'హెచ్', 'బి' అక్షరాల అర్థం అదే.

మా డబ్బాలో ఉన్నవి మామూలు పెన్సిళ్లు కావు. కాపీయింగ్ పెన్సిళ్లు. మీలో ఎక్కువమంది వీటిని చూసి ఉండరు. గ్రాఫైటులో మిథైల్ వయొలెట్ వంటి రంగు కలిపి చేసేవారు. పొడిగా రాస్తే బూడిద రంగు, తడి తగిలితే చెరగని ఊదా రంగు. గూడ్సు రశీదులకు కింద కార్బను కాగితాలు పెట్టి గట్టిగా నొక్కి రాయాలి. దానికి పాళీ పనికిరాదు, మామూలు పెన్సిలైతే ఎవరైనా చెరిపి అంకెలు మార్చేయవచ్చు. అందుకని ఈ పెన్సిలు. మా నాన్నగారు రాసే ముందు ములుకును నాలుక మీద ఒకసారి అద్దుకునేవారు. రాత్రి డ్యూటీ నుంచి వచ్చినప్పుడు ఆయన కింది పెదవి మధ్యలో ఊదా గీత ఉండేది. అమ్మ విసుక్కునేది. అమ్మ విసుగే సరైనది, ఆ రంగు నోటికి మంచిది కాదు, కంట్లో దాని ముక్క పడితే చూపుకే ప్రమాదం. మీకు దొరికితే నాలుకకు తగిలించకండి. తడి దూదితో అద్ది చూస్తే చాలు.

ఆ పెన్సిలు ముక్కల్లో ఒకదాని చివర పంటి గాట్లు ఉన్నాయి. అవి మా నాన్నగారివి. దాన్ని నేను కడగలేదు. కడగకూడదని అప్పటికి నాకు తెలిసింది కాబట్టి.

ఎలా తెలిసిందో ఇప్పుడు చెబుతాను. 1995లో నాన్నగారు ఆ డబ్బా నా చేతికిచ్చారు. తాతగారు నేను పుట్టకముందే పోయారు. ఆయన పెన్ను చూస్తే ఎండిన సిరాతో బిగుసుకుపోయి ఉంది. దాన్ని బాగుచేసి నాన్నగారికి చూపించాలని నాకు ఉత్సాహం. వేణ్ణీళ్లలో రాత్రంతా నానబెట్టాను. పొద్దుటికి నల్లటి గొట్టం పచ్చగన్నేరు ఎండుటాకులా ఆకుపచ్చ గోధుమరంగుకు తిరిగింది, గంధకం వాసన వేసింది. పాత ఎబొనైటు పైపొరలోని గంధకం వెలుతురుకీ గాలికీ ఆక్సీకరణం చెంది ఉంటుంది, వేడినీరు ఆ పాడైన పొరను ఒక్కసారిగా బయటపెడుతుంది. ఆ రంగు చూసి కంగారుపడి మెత్తటి ఎమరీ కాగితంతో రుద్దాను. నలుపు కొంత వచ్చింది, చెక్కిన పేరు సగం పోయింది. అంతటితో ఆగలేదు. పాళీ గీసుకుంటోందని దాని మొనను కూడా అదే కాగితం మీద రుద్ది నునుపు చేశాను. పెన్ను హాయిగా రాసింది. నాన్నగారు సంతకం చేసి చూసి, "బాగుందిరా" అన్నారు. అంతకు మించి ఏమీ అనలేదు.

రెండేళ్ల తర్వాత పార్వతీపురం నుంచి మా మేనత్త వచ్చారు. మాటల్లో ఆవిడ, "మా నాయనది ఎడమచేతి వాటం. బడిలో కొట్టి కొట్టి కుడిచేతికి మార్చారు. ఆఫీసులో కుడిచేత్తోనే రాసేవారు. ఇంట్లో తలుపేసుకుని ఉత్తరాలు రాసేటప్పుడు మాత్రం ఎడమచెయ్యే" అన్నారు. మా నాన్నగారికే ఈ సంగతి తెలియదు. ఆయన నమ్మలేదు కూడా.

పాళీ మొనకి అంటించే గట్టి లోహపు గుండు ఏళ్ల తరబడి రాస్తే రాసే మనిషి చేతి వాలును బట్టి ఒక పక్కకు అరుగుతుంది. అందుకే ఒకరి పెన్ను ఇంకొకరికి గీసుకుంటుంది. కుడిచేత్తో రాసినవాళ్ల పాళీ ఒక రకంగా, ఎడమచేత్తో రాసినవాళ్లది మరో రకంగా అరుగుతుంది. భూతద్దం కింద పెడితే తెలిసిపోతుంది. మా తాతగారి పాళీ నాకెందుకు అంతగా గీసుకుందో అప్పుడు అర్థమైంది. అన్నాచెల్లెళ్ల వాదం తీర్చగల సాక్ష్యం ఆ మొన మీదే ఉండేది. దాన్ని చేతులారా రుద్దిపారేసినవాణ్ని నేనే, అందులోనూ సైన్సు మాస్టారిని!

అత్తయ్య తర్వాత ఊరి నుంచి ఒక కార్డు పంపారు. తాతగారు ఖరగ్‌పూర్ నుంచి మామ్మకు రాసినది. నీలం పోయి గోధుమ రంగు మిగిలింది, అక్షరాలు చక్కగా చదవవచ్చు. పంక్తుల మీద సిరా పులుముకున్న జాడలున్నాయి, అన్నీ ఎడమ నుంచి కుడికి. తెలుగు ఎడమ నుంచి కుడికి రాస్తాం కాబట్టి, ఎడమచేత్తో రాసేవాడి అరచేయి అప్పుడే రాసిన తడి అక్షరాల మీదుగా పోతుంది. ఇది రుజువేనా? కాదు. కార్డు మీద చొక్కా చేయి తగిలినా అలాగే పులుముకుంటుంది. సూచన అనవచ్చు. పాళీ ఉంటే రుజువయ్యేది.

అప్పటి నుంచి నా సేకరణ పద్ధతి మారింది. ఇప్పుడు పెన్ను దొరికితే ముందు అన్ని వైపుల నుంచి ఫొటో తీస్తాను, పాళీ మొనను భూతద్దం కింద పెట్టి బొమ్మ గీసుకుంటాను. మూత కింద దాగిన భాగం నల్లగా, బయటి భాగం వెలిసి ఉంటే, దాన్ని ఎక్కువ కాలం మూతపెట్టి వెలుతురులో ఉంచారని రాసుకుంటాను. ఇచ్చినవాళ్లు చెప్పినదంతా వాళ్ల మాటల్లోనే రాస్తాను, పెన్ను చూపించి అడిగితే మామూలుగా గుర్తురానివి కూడా గుర్తొస్తాయి. నీళ్లు చివరి మాట. అవీ చల్లని నీళ్లు, పాళీ భాగానికి మాత్రమే. కర్పూరం వాసన వచ్చే రంగురంగుల పెన్నులు సెల్యులాయిడ్‌వి. వాటిని దీపానికి దూరంగా, గంధకం ఉన్న ఎబొనైటు పెన్నులకు దూరంగా, గాలి తగిలే చోట ఉంచాలి. మరమ్మతు చేయించాలనుకుంటే తెలిసినవాళ్ల దగ్గరికి వెళ్లాలి. కలకత్తా ఎస్‌ప్లనేడ్ దగ్గరి 'పెన్ హాస్పిటల్' అనే పాత కొట్టు పేరు మా వైపు చాలామందికి తెలుసు. అక్కడికైనా సరే, వెళ్లేముందు ఫొటో తీసుకోవాలి.

మీరూ ఈ సెలవుల్లో ఇంట్లో ఒక పాత పెన్నుగానీ పెన్సిలుగానీ వెతకండి. ఒక నోటుపుస్తకంలో దానికొక పేజీ కేటాయించండి. ఎవరిది, ఎక్కడ కొన్నారు, దానితో ఏం రాసేవారు, ఏ చేత్తో రాసేవారు, ఇప్పుడు దాని మీద ఏ గుర్తులున్నాయి అని రాయండి. తెలియని చోట ఖాళీ వదలండి, ఊహించి నింపకండి.

నా పుస్తకంలో మొదటి పేజీ ఆ రాజమండ్రి పెన్నుదే. "పాళీ అరుగుదల" అన్న చోట "1995లో నేను రుద్దాను" అని ఉంది. "ఏ చెయ్యి" అన్న చోట రెండు వరుసలున్నాయి. నాన్నగారు చెప్పిన ప్రకారం, కుడి. అత్తయ్య చెప్పిన ప్రకారం, ఎడమ.