పాస్‌వర్డ్ మార్చాను, తలుపు తెరుచుకోలేదు!

మా బడిలో మార్కులు ఎక్కించే ఆఖరి రోజున నాకొక చిక్కు వచ్చిపడింది. ఉదయం కంప్యూటర్ గదిలో నా పాస్‌వర్డ్ మార్చుకున్నాను. మధ్యాహ్నం స్టాఫ్ రూములోని లాప్‌టాప్‌లో కొత్తది కొడితే ‘తప్పు’ అంది. విసుగెత్తి పాతది కొట్టాను. తెరుచుకుంది! అయితే మార్కుల పేజీ మాత్రం రాలేదు. తిరిగి కంప్యూటర్ గదికి వెళితే అక్కడ నా ఖాతాకే తాళం పడి ఉంది. చేతిలో 90 మంది మార్కులు. గడువు సాయంత్రం 5 గంటలు.

ముందు లాప్‌టాప్ సంగతి చూద్దాం. నెట్‌వర్క్‌లో కలిపిన కంప్యూటర్ మన పాస్‌వర్డ్ సరైనదో కాదో సర్వర్‌ను అడుగుతుంది. సర్వర్ అందనప్పుడు పని ఆగిపోకుండా, కిందటిసారి సరిపోయిన పాస్‌వర్డ్ తాలూకు గుర్తును తనలో దాచుకుంటుంది. ఆ రోజు లాప్‌టాప్ తీగ ఊడి ఉంది. పాపం, దానికి కబురే అందలేదు.

ఖాతాకు తాళం వేయించిన దొంగ నా జేబులోనే ఉన్నాడు. బడి మెయిల్ కోసం ఫోనులో దాచిన పాత పాస్‌వర్డ్‌ను, ఫోను మాటిమాటికీ సర్వర్‌కు చెబుతోంది. ఇన్నిసార్లు తప్పితే ఎవరో చొరబడుతున్నారని సర్వర్ ఖాతాను మూసేస్తుంది. కొన్ని సర్వర్లు నిన్నటి పాస్‌వర్డ్‌ను గుర్తుపట్టి ఊరుకుంటాయి. మాదానికి ఆ తెలివి లేదు.

సర్వర్ చూసే కుర్రవాణ్ణి, “అసలు నా పాస్‌వర్డ్ ఏమని ఉందో చూసి చెప్పు బాబూ” అన్నాను. “నాకూ కనబడదు మాస్టారూ” అన్నాడు. నిజమే! పాస్‌వర్డ్‌ను ఉన్నదున్నట్లు దాచరు. ఒక లెక్కలో వేసి ‘హాష్’గా మార్చి దాస్తారు. బియ్యం మరలో వేస్తే పిండి వస్తుంది, పిండి వేస్తే బియ్యం రాదు కదా! మనం కొట్టినదాన్ని మళ్ళీ అదే లెక్కలో వేసి, రెండు హాష్‌లు కలిశాయా లేదా అనే చూస్తారు. యూనిక్స్ కంప్యూటర్లలో ఈ పద్ధతి ఎలా నడిచిందో రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ 1979లో ఒక వ్యాసంలో వివరించారు.

ఇక్కడొక మెలిక ఉంది. విండోస్ మర వేరు, లైనక్స్ మర వేరు. రెండూ వేరువేరు పట్టీలు ఉంచుకునే చోట, ఒకదాని పిండితో రెండోదాని పిండి తయారు కాదు. బియ్యం చేతిలో ఉన్నప్పుడే, అంటే మనం కొత్త పాస్‌వర్డ్ కొడుతున్న క్షణంలోనే, రెండు మరలకూ అందించాలి. అందుకే అలాంటి చోట్ల పాస్‌వర్డ్ మార్చడానికి ప్రత్యేకంగా ఒక పేజీ పెడతారు. దాన్ని వదిలి ఎక్కడో ఒకచోట మారిస్తే, అక్కడ మాత్రమే మారుతుంది.

ఫోనులో పాతది తీసేసి, ఖాతా తెరిపించుకుని, 5కి పది నిమిషాలుండగా మార్కులు ఎక్కించాను.

అన్నీ సరిగ్గా ఉన్నా కంప్యూటర్ మొరాయిస్తే దాని గడియారం చూడండి. అమెరికాలోని ఎం.ఐ.టి.లో 1980లలో పుట్టిన కెర్బెరాస్ పద్ధతిలో, కంప్యూటర్ గడియారానికీ సర్వర్ గడియారానికీ మామూలుగా 5 నిమిషాలకు మించి తేడా ఉండకూడదు. లోపలి బిళ్ళ బ్యాటరీ అయిపోతే పాత కంప్యూటర్లు తారీఖే మరిచిపోతాయి. మా గదిలో మూలనున్నది ఒకసారి 2009లోకి వెళ్ళి కూర్చుంది.