చింతచెట్టు: చిగురు నుంచి పిక్క దాకా అన్నీ పనికొచ్చేవే.. కానీ మందుగా వాడేముందు ఇవి తెలుసుకోండి!

కడప జిల్లాలో చింతపండు లేని వంటిల్లు ఉండదు. ఖాజీపేట, మైదుకూరు, ప్రొద్దుటూరు.. ఏ వైపు పల్లెకెళ్లినా సంగటి ముద్ద పక్కన పులుపు ఉండాల్సిందే. పెద్దవాళ్లు ఇదే చెట్టును మందుల పెట్టెలా కూడా వాడుకున్నారు. మరి ఆ చిట్కాల్లో పనికొచ్చేవి ఏవి? ఎవరు జాగ్రత్తగా ఉండాలి?

ఏ కాలంలో ఏం తింటారు?

చలికాలంలో పచ్చికాయను ఉప్పు, పసుపు వేసి దంచి తొక్కు పెడతారు. ఎండలు మొదలయ్యేసరికి కాయ పండుతుంది. కొమ్మలు దులిపి, పెంకు తీసి, పిక్కలు కొట్టి, ఉప్పు కలిపి జాడీల్లో దాస్తారు. ఇక ఏడాదంతా చారు, పులుసు, పులిహోర, చెనిక్కాయల ఊరిబిండి దీంతోనే. ఉగాది పచ్చడికి కొత్త పండు సరిగ్గా అప్పుడే చేతికొస్తుంది. ఎండలు ముదిరితే లేత చిగురు.. కందిపప్పులోకైనా, మాంసంలోకైనా దాని రుచే వేరు.

పులుపు ఎక్కడిది?

చింతపండులో టార్టారిక్ ఆమ్లం ఎక్కువ. ఈ పులుపులో బ్యాక్టీరియా తొందరగా పెరగదు. అందుకే ప్రయాణాలకు పులిహోర కట్టుకెళ్లేవారు. రాగి చెంబు తళతళలాడేదీ ఈ ఆమ్లం వల్లే. ఇదే కారణంతో కళాయి లేని రాగి, ఇత్తడి గిన్నెల్లో పులుసు కాయకూడదు. ఆ లోహం కూరలోకి దిగుతుంది.

పెద్దల చిట్కాలు.. ఎంతవరకు?

చింతపండు రసం తాగితే విరేచనం సాఫీగా అవుతుందని చెబుతారు. పండులోని పీచు, ఆమ్లాలే ఇందుకు కారణం. కాలు బెణికితే చింతాకు ఉడికించి కాపడం పెట్టడం, చింతపండులో ఉప్పు కలిపి వేడిగా పట్టు వేయడం పాత అలవాటు. ఆ వేడికి కాస్త ఉపశమనం ఉంటుంది. కానీ వాపు తగ్గకపోయినా, కాలు మోపలేకపోయినా ఎముక విరిగి ఉండొచ్చు. పట్టు మీద పట్టు వేస్తూ కూర్చోకుండా ఎక్స్‌రే తీయించాలి.

ఫ్లోరైడ్ నీళ్లున్న ఊళ్లకు పనికొచ్చే విషయం ఒకటుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కొందరు బాలురకు రోజుకు 10 గ్రాముల చింతపండు ఇచ్చి చూశారు. మూత్రం ద్వారా బయటకు పోయే ఫ్లోరైడ్ పెరిగినట్టు తేలింది. 2002లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. అలాగని ఇది ఫ్లోరోసిస్‌కు మందు కాదు. వంగిపోయిన ఎముకలను చింతపండు సరిచేయదు. సురక్షితమైన తాగునీరే అసలు పరిష్కారం.

వీళ్లు జాగ్రత్త!

పుల్లగా ఉంది కాబట్టి చక్కెర ఉండదనుకుంటే పొరపాటే. 100 గ్రాముల గుజ్జులో దాదాపు 57 గ్రాముల చక్కెరలుంటాయి. పులుసులో వేసే కొద్దిపాటి పండుతో ఇబ్బంది లేకపోయినా, బెల్లం కలిపిన పానకం, చింతపండు మిఠాయిల విషయంలో షుగర్ ఉన్నవాళ్లు ఆలోచించాలి. కడుపులో మంట ఉన్నవాళ్లు తగ్గించుకోవాలి. అదేపనిగా చప్పరిస్తే పళ్ల పైపొర అరుగుతుంది. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ లాంటి మాత్రలను శరీరం ఎక్కువగా పీల్చుకునేలా చింతపండు చేయగలదు. రోజూ ఆ మాత్రలు వేసుకునేవారు డాక్టర్‌ను అడగడం మంచిది.

పిక్కలనూ పారేయొద్దు

అష్టాచెమ్మా ఆడుకునే ఈ పిక్కల పొడితో నేత మిల్లుల్లో నూలుకు గంజి పెడతారు. పిక్కల నుంచి తీసిన జిగురు పదార్థం కంటి చుక్కల మందుల్లోనూ వాడుతున్నారు.

1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాద్‌ను ముంచెత్తినప్పుడు, ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. పిక్క నాటితే కాపుకు రావడానికే ఏడెనిమిదేళ్లు పడుతుంది. రోడ్ల విస్తరణలో పాత చింతలు ఒక్కొక్కటిగా పోతున్నాయి. పొలం గట్టున ఈ వానాకాలం ఒక్క మొక్క నాటితే, చిగురు మీకు.. నీడ మీ మనవళ్లకు.